తన్నని తుపాకీ

కన్నమ్మ కూతుర్ని మొసలి ఎత్తుకుపోయిన రోజున మేస్త్రి పైడిరాజు దొర దగ్గరకెళ్ళి, ఆ పిల్ల స్నానానికని తనంతట తానే ఏట్లోకి దిగిందని చెప్పాడు. అది అబద్ధమని గట్టు మీద పనిచేసే ఆడా మగా అందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు.

క్లాంగ్‌కి దిగువన, మలయా సముద్రతీరానికి దగ్గరగా ఉన్న కొబ్బరితోట అది. కూలీల్లో సగం మంది భీమిలి, చీపురుపల్లి వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళే. మిగతావాళ్ళు అరవవాళ్ళు, దొరకి వచ్చిన కూలీల భాష కూడా అరవం ఒక్కటే. పోటునీళ్ళు తోటలోకి రాకుండా ఏటి పొడుగునా మట్టిగట్టు వేశారు, గట్టుకి తూములు పెట్టారు. తూము నోట్లో చెత్త అడ్డం పడితే ఎవరో ఒకరు దిగి లాగెయ్యాలి. అది మగవాళ్ళ పని. కానీ ఆ ఉదయం పనిలోకి పిలిచే వేళ, జ్వరంతో పడున్న ఒక ముసలామెను పనికి రమ్మంటావేమని కన్నమ్మ కూతురు రామలక్ష్మి మేస్త్రిని అందరి ముందూ అడిగింది. పెళ్ళీడుకొచ్చిన పిల్ల, మాటకి వెనకాడని పిల్ల. పైడిరాజు చేతికర్రతో తూము వైపు చూపించాడు.

"నోరున్నదానివి గదా. నువ్వే దిగు."

కన్నమ్మ అడ్డంపడింది. "వొద్దు బావూ. నిన్న ఆ బురదలో మొసలి పడుకునుండగా నాను కళ్ళారా సూసినాను. పిల్లని దింపకు."

"నువ్వు సూసిన మొసలి నీ కూతురి కోసమే కాసుకుని కూకుందేటి?" అని నవ్వాడు పైడిరాజు.

అమ్మ చెయ్యి విడిపించుకుని రామలక్ష్మి పంతానికి దిగింది. నడుములోతు నీళ్ళలో ఒక్క కేక వేసింది. తరవాత ఇంకా చాలాసేపు అరిచింది. కన్నమ్మని నలుగురు ఆడవాళ్ళు పట్టుకుని ఆపారు. వాళ్ళు అలా ఆపినందుకు ఆమె వాళ్ళని ఎప్పటికీ క్షమించలేదు.

ఆ తరవాత గట్టు మీదికి వెళ్ళడానికి కూలీలు ఒప్పుకోలేదు. దొరకి వేట తెలీదు. క్లాంగ్ నుంచి యేసుదాసుని పిలిపించాడు. యేసుదాసు వయసంతా దొరల వెంట అడవుల్లో తుపాకులు మోసినవాడు. కొత్తగా వేట మోజు పట్టిన దొరపిల్లలకి ఏ తుపాకీ సరిపోతుందో చూసి, పట్టుకోవడం నేర్పించి పొట్టపోసుకునేవాడు. రెండు రైఫిళ్ళతో పడవ దిగాడు. ఒకటి జోడుగొట్టాలది, అడవిదున్నలకీ ఏనుగులకీ వాడేది, కాడిమాను అంత బరువు. రెండోది సన్నగొట్టం మాన్లిచర్, చూడ్డానికి ఆటవస్తువులా ఉంటుంది.

పైడిరాజు అప్పుడే దొర చెవిలో వేశాడు, తనూ వేటకొస్తానని. పెద్ద తుపాకీ తనకే కావాలన్నాడు. దొర సరేనన్నాడు.

ఆ సాయంత్రం కన్నమ్మ యేసుదాసు దిగిన షెడ్డు దగ్గరికి వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"అన్నా, నాకు తుపాకీ కాల్చడం నేర్పు."

యేసుదాసు తుపాకీకి నూనె రాస్తున్నాడు. తలెత్తకుండానే, "నాను వొచ్చిందే దాన్ని సంపడానికి, సెల్లీ. నువ్వింటికెల్లు," అన్నాడు.

"నువ్వు సంపితే నీ పని అవుతాది. నాది అవ్వదు."

ఆయన అప్పుడు ఆమె ముఖంలోకి చూశాడు. చూడ్డానికి కళ్ళు చికిలించాల్సి వచ్చింది. కొన్నాళ్ళుగా ఆయన కళ్ళు మసకేస్తున్నాయి. ఆ సంగతి ఏ దొరకీ చెప్పలేదు, చెబితే పిలుపులు ఆగిపోతాయి. మొసలికి ప్రాణం ఉండే చోటు కంటి వెనక అరచేతంత మేర. గట్టు మీంచి అది తనకి ఆనదని ఆయనకి తెలుసు.

"దొరకి సెప్పకు," అన్నాడు చివరికి. "నా వెంట తుపాకులు మొయ్యడానికి వొస్తన్నావని సెప్తాను."

మర్నాడు తోట వెనక బీడులో కొబ్బరిడొక్క ఒకటి కర్రకి గుచ్చి పెట్టాడు. కన్నమ్మ చెయ్యి నేరుగా జోడుగొట్టాల దాని మీదికే పోయింది.

"కొత్తగా వొచ్చే పెతీవోడూ దానిమీదే సెయ్యేస్తాడు," అన్నాడు యేసుదాసు. "వొద్దంటే వినరు. ఒకపాలి కాల్చు."

అది ఆమెను వెల్లకిలా పడేసింది. చెవులు గింగురుమన్నాయి. భుజం మీద ఎవరో రోకలితో మోదినట్టయింది. లేచి మళ్ళీ అడిగింది. రెండోసారి గుండు ఎక్కడికో పోయింది.

"మీట నొక్కకముందే కళ్ళు మూసేసినావు," అన్నాడాయన.

"మూయనేదు."

"మూసినావు. ఒళ్ళు దెబ్బని మర్సిపోదు సెల్లీ, నువ్వెంత మొండిదానివైనా. ఇంక నువ్వు మొసలికి భయపడవు, తుపాకీకి భయపడతావు. తన్నుతాదని తెలిసిన తుపాకీతో గురి కుదరదు."

మాన్లిచర్ అందించాడు. కన్నమ్మ దాన్ని ఎగాదిగా చూసింది. "దీంతో సస్తాదేటి అంత జంతువు?"

"సరైన సోట తగిల్తే సస్తాది. తగలకపోతే ఆ పెద్దదాంతోనూ సావదు."

తుపాకీ మడమ, అదే వెనక చెక్కభాగం, భుజం గుంటలో ఎలా ఆనించాలో చూపించాడు. ఆమె చేతులు పొట్టి కాబట్టి మడమ కొస చెక్కించాడు. పాతచీర పేలిక మడతపెట్టి రవిక కింద దోపుకోమన్నాడు. మొదటి గుండుకే కొబ్బరిడొక్క కదిలింది. భుజానికి తగిలింది దూడ మూతితో కుమ్మినట్టుంది, అంతే. కన్నమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. పొద్దుగూకేదాకా కాల్చింది. ప్రతిసారీ డొక్కలో ఒక ముఖం కనిపించింది. అది మొసలి ముఖం కాదు.

పైడిరాజు కూడా పెద్ద తుపాకీని ఒక్కసారి కాల్చి చూశాడు. ఆ సాయంత్రం కుడిచెయ్యి కదపకుండా ఎడంచేత్తో అన్నం తింటుంటే కూలీల లైను ఇళ్ళవాళ్ళు చూశారు. యేసుదాసు వెళ్ళి, "మేస్త్రీ, నీకూ సన్నదే మేలు," అన్నాడు.

"ఆడదానికిచ్చిన తుపాకీ నాకేటి?" అన్నాడు పైడిరాజు.

ఆటు బాగా తీసిన రోజున, ఎండ ఎక్కాక, అందరూ గట్టు చేరారు. దొర గొడుగు వేయించుకుని కాస్త ఎడంగా నిలబడ్డాడు. కూలీలు ఆయన వెనక గుంపు కట్టారు. తూము నోటి ముందు చచ్చిన కుక్కని తాడుతో కట్టి నీళ్ళలో వదిలారు. ఏట్లోకి పొడుచుకొచ్చిన చెక్కల వంతెన మీద, అందరికీ కనబడేలా, పైడిరాజు ఎక్కి నిలుచున్నాడు. యేసుదాసు, కన్నమ్మ గట్టు మీద గడ్డిలో పడుకున్నారు.

మొసలి దిగువన బురదలోకి వచ్చి నోరు తెరుచుకుని పడుకుంది. పడవంత పొడుగుంది. యేసుదాసు ఆగమని చెయ్యి ఊపుతుండగానే పైడిరాజు మీట నొక్కాడు. వేలు జారి రెండో మీట కూడా నొక్కుకుంది. రెండు గొట్టాలూ ఒక్కసారే పేలాయి. గుండ్లు మొసలికి ఇవతల బురదని చిమ్మాయి. తుపాకీ ఒక వైపు ఎగిరిపోయింది. పైడిరాజు వెనక్కి తూలి వంతెన మీంచి తూము నోట్లో పడ్డాడు.

మొసలి నీళ్ళలోకి జారిపోయింది. పైడిరాజు లేవబోయాడు. నడుందాకా బురద పట్టేసింది. గింజుకునే కొద్దీ దిగబడ్డాడు.

"తాడు," అని అరిచాడు యేసుదాసు. మొసలిని లాగడానికని తెచ్చిన తాడు పట్టుకున్న మనిషి సన్యాసి, పైడిరాజు చేతికర్ర దెబ్బలు చాలా తిన్నవాడు. అతను కదల్లేదు. పక్కనున్నవాళ్ళూ కదల్లేదు.

కొంచెం దూరంలో నీళ్ళ మీద రెండు కళ్ళు తేలాయి. కన్నమ్మ తుపాకీ ఎత్తింది. గొట్టం కొసన గురిచూసే ములుకు మీద ఆ కన్ను ఆనింది. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది.

"కాల్చు, కన్నమ్మా, కాల్చు," అన్నాడు పైడిరాజు.

"నా కూతురు నీల్లలోకి ఎలా దిగింది?"

"ఏటంటన్నావు? అదిగో వొస్తంది."

"ఎలా దిగింది? దొరకి తెలిసేలా అరవంలో సెప్పు."

కళ్ళు దగ్గరకొచ్చాయి. పైడిరాజు దొర వైపు తిరిగి, గొంతు చిరిగేలా, "నాన్‌దాన్ అనుప్పినేన్, దొరై," అని అరిచాడు. నేనే పంపించాను, మొసలుందని తెలిసే పంపించాను, అని అరవంలో మళ్ళీ మళ్ళీ చెప్పాడు. దొర గొడుగు కిందినించి ముందుకొచ్చాడు.

కన్నమ్మ వింది. వేలు మీట మీదే ఉంది. ములుకు కన్ను మీదే ఉంది. అయినా ఆగింది. కళ్ళు మునిగాయి, పైడిరాజు అరుపు మారిపోయింది. మొసలి అతని కాలు పట్టి తల పైకెత్తినప్పుడు కన్నమ్మ మీట నొక్కింది. తల ఒక్కసారి నీళ్ళని కొట్టి ఆగిపోయింది.

అప్పుడు సన్యాసి తాడు విసిరాడు.

దొర కారులో పైడిరాజుని క్లాంగ్ ఆస్పత్రికి తీసుకుపోయారు. మోకాలి కింద కాలు తీసేశారు. గాయం మానాక దొర అతన్ని మళ్ళీ తోటలోకి అడుగుపెట్టనివ్వలేదు, ఓడెక్కించి పంపేశాడు.

మొసలిని గట్టు మీద వేసి పొట్ట కోశారు. గులకరాళ్ళు, తాబేటి చిప్ప, ఏవో పక్షి ఈకలు. రామలక్ష్మివి అనుకోదగినవేవీ లేవు. ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

యేసుదాసు కన్నమ్మని పక్కకి తీసుకెళ్ళాడు. "నువ్వు ముందే కాల్సొచ్చు. నా కళ్ళు మసకైనా ఆ మాత్రం కనిపించింది."

"కాల్సొచ్చు."

"మరి?"

"నా పిల్ల ఎలా అరిసిందో ఆడికి తెలియాల గదా, అన్నా."

ఆయన చచ్చిపడున్న మొసలి వైపు చూపించాడు. "ఇదే అదో కాదో నాను సెప్పలేను. ఈ ఏట్లో ఇంకా ఉన్నాయి."

కన్నమ్మ రవిక కింది పేలిక సర్దుకుంది. భుజం అస్సలు నొప్పిగా లేదు.

"మళ్ళీ ఆటు ఎప్పుడు తీస్తాది?" అని అడిగింది.