బిగిస్తే మోత ఆగుతుందన్నారు

నేను ఒక మోటారు సైకిల్ని. మూగదాన్నయితే బతికిపోయేదాన్ని. నాకు నోరుంది. నొప్పి పుడితే చెబుతాను. చెప్పిన ప్రతిసారీ నొప్పి లేని చోటే విప్పి చూస్తారు. నా బతుకులో సగం ఈ గొడవతోనే తెల్లవారింది.

పుట్టిన ఊరు సరిగా తెలియదు. ఫ్యాక్టరీలో ఇంజను ఒకరు కూర్చారు, చక్రాలు ఇంకొకరు తగిలించారు, రంగు మరెవరో పూశారు. అంతమంది కన్న బిడ్డకు అమ్మా నాన్నా ఎవరంటే ఏం చెప్పను? నన్ను మొదట కొన్నది రేపల్లెలో ఒక డ్రిల్లు మాస్టారు. ఆయన నన్ను నడిపింది తక్కువ, తుడిచింది ఎక్కువ. పిల్లల్ని పరిగెత్తించే మనిషి నన్ను మాత్రం రెండో గేరు దాటనిచ్చేవాడు కాదు. మోకాళ్ళు పట్టేసి ఆయన స్కూటరుకు మారాక, నన్ను పోతులూరయ్య తీసుకున్నాడు.

పోతులూరయ్య డోలు వాయిస్తాడు. అతని అక్క మొగుడు షణ్ముఖం సన్నాయి ఊదుతాడు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో బాజాలు మోగినా వీళ్ళిద్దరే. ముందు పోతులూరయ్య, వెనక షణ్ముఖం, ఆయన ఒళ్ళో గుడ్డ చుట్టిన డోలు, భుజాన సన్నాయి సంచి. ఏళ్ళ తరబడి తిన్న పెళ్ళి భోజనాలన్నీ షణ్ముఖానికి బాగానే వంటబట్టాయి. ఆ భోజనాలన్నిటినీ మోసింది నేనే. అయినా ఆ రోజుల్లో నాకది బరువనిపించలేదు. దారి పొడవునా షణ్ముఖం ఆ పూట వాయించబోయే కీర్తన కూనిరాగం తీసేవాడు. పోతులూరయ్య ఎడమచేతి వేళ్ళతో నా ట్యాంకు మీద తాళం వేసేవాడు. ఇంట్లో కూర్చుని సాధన చేసే తీరిక ఇద్దరికీ లేదు. వాళ్ళ సాధనంతా నా మీదే జరిగేది.

ఒక ఏడాది నా చైను సాగింది. కవరుకు కొట్టుకుని టపటపలాడింది. మెకానిక్కు బాజీ దాన్ని కాస్త బిగించాడు, మోత పోయింది. అంతటితో ఊరుకుంటే ఈ కథే లేదు. కానీ పోతులూరయ్యకు ఆరోజు జ్ఞానోదయమైంది. డోలు చర్మం వదులైతే బొదబొదమంటుంది, తోలు వారు లాగి బిగిస్తే ఖంగుమంటుంది. కాబట్టి లోకంలో చెడ్డ చప్పుళ్ళన్నీ వదులు వల్లే పుడతాయని అతను తీర్మానించుకున్నాడు.

ఆ తర్వాత నాలో ఏది కిర్రుమన్నా, "బాజీ, కొంచెం బిగించు" అనేవాడు. బాజీ బిగించేవాడు. అడిగినవాణ్ణి కాదనడం బాజీకి చేతకాదు. అలా బిగించగా బిగించగా అసలు రోగం మొదలైంది. ఇద్దరూ ఎక్కగానే నా వెనక భాగం కిందికి కుంగుతుంది, చైను ఇంకా లాక్కుంటుంది. అప్పుడు గర్రుమని మూలిగేదాన్ని. గేరు మారిస్తే టక్కుమని ఒక దెబ్బ. ఆ గోలలో షణ్ముఖం కూనిరాగం ఆగిపోయింది. ట్యాంకు మీద వేళ్ళూ ఆగిపోయాయి.

నా మూలుగు బాజీకి వినపడి ఉంటే వారంలో తేలిపోయేది. వినపడనిస్తేగా! డోలంటే పోతులూరయ్యకు దేవుడు. చెప్పులూ నూనె మరకలూ ఉండే షెడ్డులోకి దేవుణ్ణి తీసుకుపోకూడదు. అందుకని షెడ్డుకు ముందే టీ కొట్టు దగ్గర డోలునూ, దానికి కాపలాగా బావనూ దించి, ఒక్కడే నన్ను తీసుకొచ్చేవాడు. బాజీ నన్ను స్టాండు మీద నిలబెట్టి, చక్రం తిప్పి, చెవి ఒగ్గేవాడు. బరువు దిగిపోయాక నేనేం మూలగను? బుద్ధిమంతురాలిలా తిరిగేదాన్ని. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఒక బాధ. చెవులున్నవాడు ఎదురుగా ఉన్నా శంఖం పలకకపోవడం అంతకంటే పెద్ద బాధ.

"క్లచ్చయి ఉంటదన్నా," అన్నాడు బాజీ.

క్లచ్ ప్లేట్లు నిక్షేపంలా ఉన్నాయి. అయినా విప్పారు, నూనె కార్చారు, కొత్తవి వేశారు. మళ్ళీ బావ ఎక్కాడు, మళ్ళీ గర్రు. క్లచ్ నొక్కి పట్టుకున్నా ఆ మోత ఆగడం లేదు. ఇంజను ఆపేసి దిగుడులో వదిలినా ఆగడం లేదు. ఇంతకంటే వివరంగా ఎలా చెప్పను? క్లచ్ కాదురా నాయనా, ఇంజనూ కాదు, చక్రంతో పాటు తిరిగేదేదో చూసుకో అని అంత మొత్తుకుంటే, బాజీ రెండోసారి క్లచ్ విప్పాడు. పోతులూరయ్య పక్కన నిలబడి, "పనిలో పని, చైను కూడా ఒక చుట్టు బిగించు" అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

షణ్ముఖానికి ఓపిక చచ్చిపోయింది. వ్యాన్ ఉన్న మేళం వాళ్ళు ఆయన్ని ఎప్పటినుంచో రమ్మంటున్నారు.

"ఒరేయ్ పోతులూరూ, ఈ మోత చెవిలో పెట్టుకుని పోతే పందిట్లో నాకు శ్రుతి అందట్లేదురా. నిజాంపట్నం పెళ్ళి అయ్యాక నేను వ్యాన్ వాళ్ళతో కలుత్తా. నువ్వేమీ అనుకోమాక," అన్నాడు.

సన్నాయి లేని డోలును పెళ్ళికి ఎవరు పిలుస్తారు? పైగా పోతులూరయ్యకు ఆ డోలు వాయించడం నేర్పింది బావే. ఆ సాయంత్రం నన్ను తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచాడు. నాకు అతని మీద జాలీ, ఒళ్ళుమంటా రెండూ కలిగాయి.

నిజాంపట్నం పెళ్ళికి బయలుదేరిన పొద్దున చినుకులు మొదలయ్యాయి. బాజీ షెడ్డు ముందుకు వచ్చేసరికి నా చైను పట్టేసింది. టీ కొట్టు మూసి ఉంది. నేలంతా బురద. డోలును ఎక్కడా దించడానికి లేదు. షణ్ముఖం దాన్ని ఒళ్ళో పొదువుకుని, దిగనంటే దిగనని నా మీదే కూర్చున్నాడు. బాజీకి వేరే దారి లేక బురదలో గొంతుక్కూర్చుని, చైను మీద వేలు పెట్టి నొక్కాడు. అది ఇసుమంతైనా కదల్లేదు.

"అన్నా, ఇద్దరూ కూకుంటే ఇది ఇనపకడ్డీ అయిపోతంది! రెండు వేళ్ళ మందం ఆడాల ఇది!"

"నువ్వేగా బిగించావు?"

"నువ్వేగా బిగించమన్నావు?"

"ఇద్దరికీ బుద్ధి లేదు," అని పైనుంచి షణ్ముఖం తీర్పు చెప్పాడు. "డోలు వాయించే చేతికి ఏది ఎంత బిగించాలో తెలవద్దంట్రా?"

బాజీ ఇద్దర్నీ దిగనివ్వకుండానే నట్టు వదులు చేసి, వేలితో ఆడించి చూసి చైను సరిచేశాడు. ప్రాణం లేచి వచ్చింది. చేతులు తుడుచుకుంటూ, లాగి లాగి లోపలి బేరింగు కూడా అరిగిందనీ, ముహూర్తాలు అవగానే ఇంజను విప్పాలనీ బాజీ చెప్పాడు. వాళ్ళు తలలూపి బయలుదేరారు.

గర్రు లేదు. టక్కు లేదు. చాలాకాలానికి గాలి చప్పుడు వినిపించింది. కాలవ గట్టు మీద వేగం అందుకున్నాక లోపల నుంచి ఒక సన్నటి మూలుగు మాత్రం హెచ్చుతగ్గులు లేకుండా వస్తూనే ఉంది. అది అరిగిపోయిన నా బేరింగు.

"ఒరేయ్, ఈ వేగం తగ్గించమాక," అన్నాడు షణ్ముఖం.

"ఏంది బావా, మళ్ళీ మోతా?"

"మోత కాదురా, శ్రుతి. అట్టాగే పోనీ."

ఆ మూలుగును ఆధారం చేసుకుని ఆయన కూనిరాగం ఎత్తుకున్నాడు. కాసేపటికి పోతులూరయ్య ఎడమచెయ్యి బెదురుబెదురుగా నా ట్యాంకు మీదికి వచ్చింది. మహానుభావులారా, అది నా ఎముక అరుగుతున్న చప్పుడు! చెప్పుకుంటే సిగ్గుచేటు, నా నొప్పి వాళ్ళకు తంబూరా అయింది.

షణ్ముఖం వ్యాన్ ఎక్కలేదు. నిజాంపట్నంలో పెళ్ళివారు మెచ్చుకున్నారట, వచ్చే దారిలో అదే మాట. ముహూర్తాలు అయిపోయాయి, బేరింగు మార్చాలన్న ఊసు మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. బాజీ గుర్తుచేస్తే, "చూద్దాంలే" అంటున్నారు. అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నది నేను. బాగుచెయ్యండిరా అని కాళ్ళావేళ్ళా పడ్డదీ నేనే. ఇప్పుడు బాజీ షెడ్డు కనపడగానే, ఈసారి విప్పుతారేమోనని గుబులుపడుతున్నదీ నేనే.