అలల్లో వేసిన బల్ల

శ్రీలంకలో, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక వింత హోటల్లో, వదిన నా ఎదురుగా మంగలి కుర్చీలో కూర్చుని ఉంది. ఇక్కడ ఏ రెండు కుర్చీలూ ఒక్కలా లేవు, బల్లలు నీళ్ళలోనే వేశారు, అల వచ్చినప్పుడల్లా అందరూ మాట ఆపకుండానే కాళ్ళు పైకి ఎత్తుకుంటున్నారు. ఎండలోనూ రెయిన్‌కోటు తొడుక్కున్న ముసలి యజమాని, ఒక్కొక్కరి మొహం చూసి ఏం వండాలో తానే తేల్చుకుని వెళ్ళిపోతున్నాడు. వదిన పోయి రెండో ఏడు నడుస్తోందని నాకు తెలుసు, ఆ మాట ఆమె ముందు అనకూడదనీ తెలుసు, ఇక లాభం లేదని డాక్టర్లు చెప్పిన సంగతి అప్పట్లో ఇంటిల్లిపాదీ ఆమె దగ్గర దాచినట్టే.

యజమాని ఆమెకి మెత్తటి అన్నం, చారు తెచ్చి పెడతాడు. పథ్యం ఇక చాలంటూ వదిన నా పళ్ళెంలోని పీతల వేపుడు లాక్కుంటుంది. అన్నయ్య ఏడని అడుగుతుంది. నాతోనే వచ్చాడని చెప్పి వెతుకుతాను గానీ ఒడ్డు కనబడదు. చుట్టూ ఆసుపత్రి వరండా, గచ్చు మీద అలలు, బల్లల దగ్గర తమ పేరు పిలుస్తారని ఎదురుచూస్తున్న మనుషులు.

"రిపోర్టులు వచ్చిన రోజు మీ అన్నయ్య గ్యాస్ ట్రబులని చెప్పాడు చూడు," అంటుంది వదిన, పీత కాలు కొరుకుతూ. "చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకొచ్చాడు. ఆయన్నెప్పుడైనా అలా చూశావా వసుధా? అప్పుడే తెలిసిపోయింది నాకు."

"మరి అడగలేదేం వదినా?"

"అడిగితే ఏడుస్తాడు. ఏడిస్తే పట్టుకోడానికి నాకు మంచం దిగే ఓపికేదీ?" ఆమె నవ్వుతుంది. "మీరంతా గుమ్మం అవతల గుసగుసలాడుతుంటే నిద్ర నటించేదాన్ని. ఒక్కళ్ళైనా లోపలికొచ్చి కూర్చుంటారేమోనని చూసేదాన్ని."

పెద్ద అల వస్తుంది, అందరూ కాళ్ళు ఎత్తుకుంటారు, వదిన ఒక్కతే ఎత్తుకోదు. అన్నయ్యకి చెప్పమంటావా అని అడగబోతాను, ఇంతలో యజమాని ఎవరినో పేరు పెట్టి పిలుస్తాడు, ఆమె చేయి తుడుచుకుని, నా వంక చూడకుండా లేస్తుంది.

కళ్ళు తెరిచేసరికి ఇంకా మధ్యాహ్నమే, అదే హోటలు, ఇసకలో పడక్కుర్చీ. బల్లకి అటువైపు అన్నయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు, అన్నం ముట్టుకోలేదు. నేను లేచానని చూసి, సముద్రం వైపు తిరిగాడు.

"మీ వదినకి తెలుసంటావా?" అన్నాడు.

నేను కుర్చీ ఎత్తుకెళ్ళి ఆయన పక్కన వేసుకున్నాను.