నుదుటి మీద సిలువ

మా కతోలిక క్రైస్తవుల ఇళ్ళలో ఎవరు గడప దాటినా పెద్దవాళ్ళు నుదుటి మీద బొటనవేలితో సిలువ గుర్తు వేసి పంపుతారు. నేను మానేశాను. మా ఆయనకు వేసి దవాఖానకు పంపాను, తిరిగి రాలేదు. కూతురికీ అల్లుడికీ వేసి సదాశివపేటలో పెళ్ళికి బండి మీద పంపాను, వాళ్ళూ రాలేదు. అప్పటికి మనవడు అవినాష్ నా ఒళ్ళో ఉన్నాడు. ఆ తరవాత వాడిని బడికి పంపినా, కొండాపూర్‌లో ఉద్యోగానికి పంపినా చేతులు కొంగులో దాచుకునేదాన్ని.

వాడిది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం పని. అలాంటివాడు ఒక ఆదివారం చర్చిలో పూజ నుంచి వస్తూ, ఫాదర్లను తయారుచేసే సెమినరీలో చేరతానన్నాడు, గురువు అవుతాడట. చాలాకాలంగా మా చర్చి విచారణ గురువు బాలశౌరి ఫాదర్‌తో ఈ సంగతే మాట్లాడుతున్నాడట. ఇది ఉద్యోగం మీద విసుగో, దేవుని పిలుపో ముందు తేల్చుకోమన్నారట ఆయన. ఉద్యోగం బాగానే ఉంది. కానీ ఆఫీసు అయ్యాక ఫాదర్ వెంట మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఉండే నిమ్మళం ఇంకెక్కడా లేదన్నాడు.

ఫాదర్ ఇంటికి వచ్చారు. ఏళ్ళ తరబడి చదువని, మొదటి ఏడాది ఫోన్ కూడా ఉండదని, నెలకో ఆదివారం వెళ్ళి చూడవచ్చని చెప్పారు. నేను చల్లారిన టీ పట్టుకుని తల ఊపాను. ఆయన వెళ్ళాక అవినాష్ అసలు మాట చెప్పాడు.

"నువ్వు సిలువ ఏసి పంపితెనే పోత అమ్మమ్మా. లేకుంటె పోను."

"నా చెయ్యి మంచిది కాదు బిడ్డా."

"ఎన్నిసార్లు చూసినవ్? రెండుసార్లకే తప్పుంది, బగ్ అని రాస్తె మా లీడ్ నన్ను ఇంటికి తోలుతడు. మళ్ళ మళ్ళ చేసి చూడాలె."

రాజీనామా ఇచ్చినా నోటీస్ పీరియడ్ అని కొన్నాళ్ళు ఆఫీసుకు వెళ్ళాల్సిందే. అన్నాళ్ళూ పొద్దున నేను సిలువ వేయాలి, సాయంత్రం వాడు తిరిగొస్తాడో లేదో చూడాలి. కూడబలుక్కుని బైబిలు చదవడం నేర్చుకున్నదాన్ని, దేవుణ్ణి పరీక్షించకూడదని గుర్తు చేశాను. పరీక్ష దేవుడికి కాదు, నీ భయానికి అన్నాడు.

మొదటి రోజు గుర్తు వంకరగా పడింది. సాయంత్రం గేటు దగ్గర నుంచే "పాస్" అని కేక వేశాడు. అది రోజూ అలవాటైపోయింది. పై వాటాలో కిరాయికి ఉండే వీరలక్ష్మి బాల్కనీలోకి వచ్చి, పాసా ఫెయిలా అని నన్ను ఆటపట్టించేది.

ఒక సాయంత్రం పెద్ద వాన. రోడ్లు మునిగాయి, వాడి ఫోన్ కలవలేదు. జపమాల పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. వీరలక్ష్మి వచ్చి గొడుగు పట్టింది. ఇక ఎవరికీ వేయనని నా వేలిని చూసుకుంటూ అనుకున్నాను. చీకటి పడ్డాక వాడు ఆగిపోయిన బండిని నెట్టుకుంటూ మోకాలి దాకా బురదతో వచ్చాడు. తిట్టాను, ఏడ్చాను, తల తుడిచాను. తుడుస్తుంటే వాడి నుదురు నా చేతికింద ఉంది. పొద్దుటిదాకా ఆగలేక అక్కడే సిలువ వేశాను.

"ఇప్పుడు యాడికి పోతలేను గదా," అన్నాడు.

"ఇంటికొచ్చినోనికి గూడ ఏస్తరు," అన్నాను.

జూన్‌లో వాడిని సెమినరీకి పంపాను. భయం పోయిందంటే అబద్ధం. గుర్తు మాత్రం తిన్నగా పడింది.

మొన్న ఆదివారం సెమినరీకి వెళ్ళాను. వాడు కాస్త చిక్కాడు. ప్రార్థనలో పాట ఎత్తుకుంటే పక్కవాళ్ళు నవ్వు ఆపుకుంటున్నారట. తోటలో తాను నీళ్ళు పెట్టే బెండకాయలు కోసి నా సంచి నింపాడు. ఇంతలో గంట కొట్టారు, చూడవచ్చినవాళ్ళు బయల్దేరాలి. నేను చెయ్యి ఎత్తబోతే వాడు పట్టుకున్నాడు.

"ఇయ్యాల పోయేది నువ్వు."

నా నుదుటి మీద వాడే వేశాడు. నాకు ఎవరైనా వేసి ఎన్నేళ్ళయిందో.

చందానగర్‌లో బస్సు దిగి నెమ్మదిగా ఇంటికి నడిచాను. గేటు చప్పుడుకు వీరలక్ష్మి బాల్కనీలోంచి తొంగిచూసింది. ఆమె నోరు తెరవకముందే, బెండకాయల సంచి పైకెత్తి, "పాస్" అన్నాను.