కుంపట్లో నీళ్లు

పంతొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం, జనవరి నెల. బుధవారం పొద్దున సౌభాగ్య మెడలోని పుస్తెల్లో ఒకటి తాడు దూర్చే చోట అరిగి తెగిపోయింది. పుష్యమాసంలో పుస్తెలు తియ్యకూడదని పక్కింటి జంగమ్మ మొత్తుకుంది. తెగినదాన్ని మెడలో ఉంచుకుంటే అంతకన్నా అరిష్టమని సౌభాగ్య తాడుకు పసుపుకొమ్ము కట్టుకుని, రెండు పుస్తెలూ నాంపల్లి స్టేషన్ వెనక సందులోని కంసాలి కోదండాచారికి ఇచ్చి వచ్చింది. ఆమె పెళ్లికి అవి చేసింది ఆయనే. ఆమె తల్లికి చేసింది ఆయన తండ్రి. సాయంత్రానికే కరిగించానని, శనివారం కొత్తవి ఇస్తానని చారి కబురంపాడు.

మర్నాడు పొద్దున ఆబిడ్స్‌లో బ్యాంకు గుమాస్తాగా ఉన్న ఆమె భర్త విద్యాసాగర్ పేపరు చూస్తూ చాయ్ కప్పు కింద పెట్టాడు.

"ఇగ పద్నాలుగు క్యారెట్లకు మించి బంగారం సొమ్ములు చెయ్యొద్దంట. సర్కారు హుకుం."

"ఎందుకంట?"

"బయటి దేశాలకెల్లి మెషిన్లు, గోధుమలు కొననీకి డాలర్లు లెవ్వు. మనకేమో బంగారం మీద మోజు తగ్గకపాయె. అది దొంగచాటుగ వస్తుంటె దేశం పైసలన్నీ బయటికే పోతున్నయి. మంచి పనే చేసిన్రు..."

తలెత్తాడు. పసుపుకొమ్ము కనిపించింది.

"నీ పుస్తెలు... కరగబెట్టిండా?"

సౌభాగ్య చెప్పులు కూడా తొడుక్కోలేదు. వాకిట్లో జంగమ్మ, "పుష్యంల తియ్యకంటె ఇన్నవా? ఢిల్లీ దాక తగిలె!" అంటున్నా ఆగలేదు.

కోదండాచారి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అరచేతిలో శనగగింజంత బంగారు ముద్ద. పక్కన కుంపట్లో నిప్పు ఎర్రగానే ఉంది.

"తాతా, తలుపేసుకోని చెయ్యి. ఎవరు చూస్తరు?"

"ఈ వయసుల జైలుకు తోలుతవా బిడ్డా? గాడ కూడు మంచిగనే పెడ్తరంట." నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"పోనీ రాగి కలుపు. పద్నాలుగుకే తే. నాకు నీ చేతి పుస్తెలే కావాలె."

చెంప మీద కొట్టినట్టు చూశాడాయన.

"మా నాయన కూసున్న పీట ఇది. దీనిమీద కూసోని ఆడబిడ్డ మెడల ఇరవై నాలుగు పాళ్లకు పది పాళ్లు రాగి ఎయ్యాల్నా? నా చెయ్యి రాదు."

ముద్దను పసుపుగుడ్డలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. అది ఇంకా ఆయన చేతి వేడితోనే ఉంది.

"మరి నువ్వేం చేస్తవ్ తాతా?"

ఆయన మూలనున్న నీళ్ల చెంబు అందుకున్నాడు. తాగడానికే అనుకుంది సౌభాగ్య. ఆ ఇంట్లో కుంపటి దానంతటదే ఆరాలి. ఎవరూ నీళ్లు పోయరు. పోయగా ఆమె ఒక్కసారే చూసింది, చిన్నప్పుడు, ఆయన తండ్రి శవం వాకిట్లో ఉన్న రోజున.

చెంబు కుంపటి మీద వంగింది.

"తాతా!"

నిప్పు చుయ్‌మంది. తడిబూడిద లేచి ఇద్దరి ముఖాలనూ కమ్మింది. చెంబు ఒట్టిదయ్యేదాకా ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.