పెద్దక్క రాసిచ్చిన జాబితా

ఏడో హెడ్‌సెట్‌ను తడిగుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టేసరికి పెద్దక్క నడుము పట్టేసింది. లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళ ఫోన్లు ఎత్తే ఆ విభాగానికి ఆవిడ పందొమ్మిదేళ్ళుగా పెద్ద. పొట్టి మనిషి. ముక్కు మీద నిలవని కళ్ళద్దాలు. మాట్లాడి మాట్లాడి బొంగురుపోయిన గొంతు.

రెండేళ్ళు ఇళ్ళ నుంచి పనిచేసినవాళ్ళంతా తిరిగి ఆఫీసుకొచ్చి నెలయింది. ఇప్పుడు ఎవరికీ సొంత కుర్చీ లేదు. తొమ్మిది నుంచి ఆరు దాకా గడప దాటకూడదు. ఆ నిబంధనలు పైకి చదివిన రోజునే ఆవిడ, "చదవమన్నారు, చదివాను. ఇక పనెలా జరగాలో మనం మాట్లాడుకుందాం," అంది. అలా మాట్లాడుకున్నాకే, వాళ్ళలో ఒకడైన మీసాలాయన రోజూ ఒంటిగంటకు ఇంటికెళ్ళి, మంచం పట్టిన తల్లికి తినిపించి వస్తున్నాడు. ఆ గంటా అతని ఫోను కూడా పెద్దక్కే చూస్తుంది.

ఆ రోజు ఒంటిగంటకు ఎవరో ముసలాయన లిఫ్టులోంచి ఫోన్లో ఏడుస్తున్నాడు.

"బాబాయ్, గోడకి వీపు ఆనించి కూచోండి. మెకానిక్ దారిలో ఉన్నాడు. నేనెక్కడికీ పోను."

తలుపు తెరుచుకునేదాకా పెద్దక్క మాట్లాడిస్తూనే ఉంది. అప్పటిదాకా పక్కనే నిలబడ్డ మేనేజరు మీసాలాయన లేచెళ్ళిన ఖాళీ కుర్చీ చూపించాడు.

"ఇలా బయటికెళ్ళేవాళ్ళ పేర్లు సాయంత్రంలోగా రాసివ్వండి. పైనుంచి ఆర్డరు."

మీసాలాయన చెమటలు కక్కుతూ వచ్చి సంగతి విన్నాడు. "నా పేరు రాసెయ్యండక్కా. మీ నెత్తికెందుకు?"

"ముందు ఫోనెత్తు. మోగుతోంది."

అయిదింటికి మేనేజరు పెద్దక్క రాసిచ్చిన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీ పేరొక్కటే ఉంది!"

"వెళ్ళమన్నది నేనే కదా."

"ఇది పైకి పంపితే మీ ఉద్యోగం పోతుందండీ. రిటైరయ్యేదాకా ఇంకో మూడేళ్ళు ఓపిక పట్టలేరా?"

"ఓపిక లేకనా పందొమ్మిదేళ్ళు చేసింది? పంపండి."

అరగంటలో జవాబొచ్చింది. రేపటి నుంచి రానక్కర్లేదట. అప్పుడు లైన్లో ఉన్న మనిషి క్షేమంగా బయటపడేదాకా మాట్లాడి, పెద్దక్క హెడ్‌సెట్ తీసింది.

"ఆ గంట సంగతి ఇక మీరే చూసుకోవాలి," అంది అందరితో. మేనేజరు గదివైపు తిరిగి చూడకుండా, నిటారుగా నడిచి వెళ్ళిపోయింది.

మర్నాడు ఒంటిగంటకు మీసాలాయన కదల్లేదు. గడియారం చూడటం, తల దించుకోవడం. అతని పక్కన కూర్చున్నావిడకు ప్రతిదానికీ క్షమాపణ చెప్పే అలవాటు. ఆఫీసంతా ఆమెను 'సారీ' అనే పిలుస్తుంది. ఆమె అతని ఫోను తనవైపు లాక్కుంది.

"వెళ్ళండన్నయ్యా. అమ్మ ఎదురుచూస్తుంటుంది."

అతను మెట్లు దిగుతుండగానే మేనేజరు వచ్చాడు. "ఎవరు పంపారు?"

"నేనే. రాసుకోండి," అని ఆమె తన అసలు పేరు ఒక్కో అక్షరమే విడమరిచి చెప్పింది. సారీ అనలేదు.

మేనేజరు పెన్ను తెరిచి, రాయకుండానే మూసుకుని వెళ్ళిపోయాడు. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. కిటికీ పక్క కుర్చీలో పొద్దుటి నుంచీ ఎవరూ కూర్చోలేదు. దాని వీపున పెద్దక్క బూడిదరంగు స్వెటరు వేలాడుతోంది, మోచేతుల దగ్గర నూలు పలచబడి, ఒక చెయ్యి లోపలికి తిరగబడి.