డిక్కీ మీద రెండు చరుపులు

పాత అద్దం అంచు కిందికి సన్నటి ఉక్కు తీగ దూర్చి, రెండు చేతులా లాగుతున్నాడు పెద్దల్లుడు. తీగ జిగురును కోసుకుంటూ పోతుంటే పంటి కింద ఇసుక పడ్డట్టు కీచుమంటోంది. అద్దం మధ్యలో రాయి తగిలిన చోటు నుంచి పగుళ్ళు సాలెగూడులా పాకి ఉన్నాయి. తీగ ఒక మూల నుంచి ఇంకో మూలకి చేరేసరికి అతని మెడ మీద చెమట ధార కట్టింది. కుడి భుజం ఎడమ భుజం కంటే కాస్త కిందికి జారి ఉంటుంది అతనికి. మీసం మొలవని రోజుల నుంచీ అద్దాలు లాగి లాగి అలా అయింది.

షెడ్డులో ఎవరూ అతన్ని పేరు పెట్టి పిలవరు. ఒకే ఇంటి అల్లుళ్ళిద్దరూ ఒకే షాపులో పనిచేస్తుంటే మేనేజరుకి సరదా పుట్టి, ఇతన్ని పెద్దల్లుడనీ, ఇతని మరదలి మొగుణ్ణి చిన్నల్లుడనీ మొదలుపెట్టాడు. అవే స్థిరపడిపోయాయి.

"తమ్ముడూ, ఒక చెయ్యి వెయ్యి!" అని కేకేశాడు.

చిన్నల్లుడు పక్క గదిలోంచి వచ్చాడు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, చేతికి గడియారం. అద్దాన్ని పట్టుకునే రబ్బరు కప్పులు చెరో వైపూ బిగించి ఇద్దరూ ఒక్కసారిగా ఎత్తారు. ఎత్తేటప్పుడు అవతలి మనిషి ఎటు కదులుతాడో చెప్పుకోనక్కర్లేకుండా తెలిసిపోవాలి. ఈ ఇద్దరికీ తెలుస్తుంది. అద్దం కింద పెట్టగానే చిన్నల్లుడు రుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు. పెద్దల్లుడు ఆ రుమాలు వంక చూసి, తన గోళ్ళ వంక చూసుకున్నాడు. గోళ్ళ చుట్టూ, జిగురు కంటే ముందు పూసే నల్లటి ప్రైమరు చారలు. ఏ సబ్బుకీ లొంగవు అవి. పెళ్ళి ఫొటోలో కూడా ఉన్నాయి.

చిన్నల్లుణ్ణి ఈ షెడ్డుకి తెచ్చింది తనే. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు మూతపడి ఇంట్లో కూర్చుంటే, "మా చెల్లెలి మొహం చూడలేకపోతున్నానండీ, మీ మేనేజరుతో ఒక్క మాట చెప్పండి" అని భార్య వెంటపడింది. చెప్పాడు. కొన్నాళ్ళకి ముందు అద్దం లోపల కెమెరా ఉన్న కార్లు రావడం మొదలైంది. అద్దం మారిస్తే ఆ కెమెరా చూపు పక్కకి జరుగుతుంది, దానికి మళ్ళీ చూడ్డం నేర్పాలి, ఎవరైనా వెళ్ళి ఆ పని నేర్చుకురావాలి అన్నాడు మేనేజరు. ముందు అడిగింది పెద్దల్లుణ్ణే.

"నాకెందుకండీ, నేను అద్దాలవాణ్ణి" అన్నాడు అతను. ఆ మాట అన్నది తన నోరే. అందుకే ఆ కడుపుమంట ఎవరి మీద వెళ్ళగక్కాలో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు చిన్నల్లుడికి చల్లటి గది, వీపు ఆనించుకునే కుర్చీ, తన ల్యాప్‌టాప్. కారు తీసుకోవడానికి వచ్చినవాళ్ళంతా అతని చెయ్యే పట్టుకుని ఊపుతారు. అద్దం బాగా బిగిస్తే అక్కడ అద్దం ఉన్నట్టే తెలియదు. తెలియని పనిని ఎవరు మెచ్చుకుంటారు?

కారుకి అద్దం కూర్చునే అంచు శుభ్రం చేసి, ప్రైమరు పూసి, జిగురు తుపాకీ అందుకున్నాడు. జిగురు గీత మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఊపిరి బిగబట్టి ఆ అంచు చుట్టూ గీసుకొచ్చాడు. వెనక బెంచీ మీద కూర్చున్న చిన్నపిల్ల చప్పట్లు కొట్టింది. కారు వాళ్ళదే. పక్కన వాళ్ళమ్మ, ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కూర్చునే కునికిపాట్లు పడుతోంది.

"తాతా, కారుకి కన్ను ఉంటుందంట కదా? నువ్వే పెడతావా?" అంది పిల్ల.

"నేను అద్దం పెడతానమ్మా. కన్ను అదిగో, ఆయన పెడతాడు."

పిల్ల చిన్నల్లుడి వైపు తిరిగింది. "అంకుల్, నేను చూడొచ్చా?"

తనేమో తాత, అతనేమో అంకుల్. ఇద్దరి మధ్యా ఉన్నది కొద్ది ఏళ్ళ తేడా. పెద్దల్లుడు జిగురు తుపాకీ పక్కన పడేసి కొత్త అద్దం దగ్గరికి పోయాడు.

మధ్యాహ్నానికి కొత్త అద్దం కింద జిగురు గట్టిపడింది. కారు కెమెరా గదిలోకి వెళ్ళే ముందు షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. డిక్కీలో సామాను ఉంటే ఆ బరువుకి కారు వెనక్కి కుంగి ముక్కు పైకి లేస్తుంది. కెమెరా ఆ ఒంపులోనే చూడ్డం నేర్చుకుంటుంది. తర్వాత బరువు తీసేస్తే దాని చూపు కిందికి వాలిపోతుంది. ఎదురుగా ఉన్న మనిషి ఎంత దూరంలో ఉన్నాడో దాని లెక్క తప్పుతుంది. బ్రేకు పడాల్సిన చోట పడదు, అక్కర్లేని చోట పడుతుంది. అందుకని అద్దం బిగించినవాడే డిక్కీ ఖాళీ చేసి, మూత వేసి, దాని మీద అరచేత్తో రెండు చరుపులు చరిచి "ఖాళీ!" అని కేక వెయ్యాలి. ఆ కేక వినబడ్డాక చిన్నల్లుడు డిక్కీ వైపు చూడడు. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు.

పెద్దల్లుడు డిక్కీ ఎత్తాడు. పిల్ల బొమ్మ సైకిలు, గొడుగు, బట్టల సంచీ తీసి బయట పెట్టాడు. మూత వేశాడు, చరిచాడు, కేక వేశాడు. కారు తోస్తుంటే ఎందుకో వెనక చక్రాలు బరువనిపించాయి. మళ్ళీ డిక్కీ ఎత్తి, కింద పరిచిన బూడిదరంగు చాప కొస పైకి లేపాడు. స్టెప్నీ ఉండాల్సిన గుంటలో, ఒకదాని మీద ఒకటి, వ్యాయామానికి వాడే ఇనుప చక్రాలు. నర్సు మొగుడివై ఉంటాయి.

"తమ్ముడూ" అనబోయాడు. అంతలో గదిలోంచి చిన్నల్లుడి ఫోను మాటలు వినబడ్డాయి.

"చెప్పండి మామగారూ... ఆ, ఆదివారం వచ్చి చూస్తాను లెండి... అయ్యో, మీరు ఎక్కకండి నిచ్చెన, నేనొస్తాగా... అన్నయ్యా? ఇక్కడే ఉన్నాడు, ఇవ్వమంటారా?" కాస్త ఆగాడు. "సరే సరే. ఉంటాను మామగారూ."

ఆ కాస్త ఆగడంలో అవతల మామగారు ఏమని ఉంటారో పెద్దల్లుడికి చెప్పనక్కర్లేదు. ఆ ఇంటి అరుగు మీద తను కూర్చుంటే ఆయన వాతావరణం గురించి మాట్లాడతారు. చిన్నల్లుడు కూర్చుంటే సలహా అడుగుతారు. ఆ ఇంటి కిటికీ అద్దాలన్నీ బిగించింది పెద్దల్లుడే. ఆయన వాటిలోంచే రోజూ వీధి చూస్తారు.

చాప కొస వదిలేశాడు. డిక్కీ మూత మెల్లగా, చప్పుడు కాకుండా దించాడు.

ఒక్కసారి తడబడనీ, అనుకున్నాడు. ఆ ల్యాప్‌టాప్ కుదరదు పొమ్మంటుంది. అతనికి చెమటలు పడతాయి. మేనేజరు వచ్చి అరుస్తాడు. అప్పుడు నేను తాపీగా లోపలికెళ్ళి, "డిక్కీ చూశావా తమ్ముడూ?" అంటాను. అంతే. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

చిన్నల్లుడు తెల్లగోడల గదిలో కారును గీతల మధ్య నిలిపాడు. టైర్లలో గాలి చూశాడు. నలుపూ తెలుపూ గళ్ళున్న పెద్ద బోర్డును కారు ముందు నిలబెట్టి, టేపు పట్టుకుని అటూ ఇటూ కొలిచాడు, వెంట్రుకవాసి జరిపాడు, మళ్ళీ కొలిచాడు. పిల్ల అతని వెనకే తిరుగుతోంది. పెద్దల్లుడు గుమ్మం దగ్గర ఒక గుడ్డతో ఏ మురికీ లేని రెంచిని తుడుస్తూ నిలబడ్డాడు.

ల్యాప్‌టాప్ మీద పచ్చటి టిక్కు పడింది.

"అయిపోయింది! కారుకి కన్నొచ్చేసింది" అన్నాడు చిన్నల్లుడు. పిల్ల గెంతింది. కారును రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చి, "భేషుగ్గా ఉంది" అన్నాడు.

పెద్దల్లుడు రెంచి తుడవడం ఆపేశాడు. కుదరకపోతే ఏం చేయాలో అనుకున్నాడు గానీ, కుదిరితే ఏమిటన్నది అతని ఊహకే రాలేదు.

నర్సు నిద్రమొహం కడుక్కుని వచ్చింది. "చాలా థాంక్సండీ" అంది చిన్నల్లుడితో. "రాత్రి డ్యూటీలు దిగి వచ్చేటప్పుడు కళ్ళు మూతలు పడిపోతుంటాయి. ఈ కారే నన్ను ఇంటికి చేరుస్తోంది అనుకోండి."

"మీ వెనక సామాను సర్దేస్తాను" అన్నాడు పెద్దల్లుడు. అతని గొంతు అతనికే కొత్తగా వినబడింది. బొమ్మ సైకిలు పెట్టాడు, గొడుగు పెట్టాడు. చాప కింద చక్రాలు అలాగే ఉన్నాయి. ఎప్పుడూ అక్కడే ఉంటే ఫరవాలేదేమో. కానీ ఆ మొగుడు రేపు తీస్తాడు. కాదంటే ఎల్లుండి తీస్తాడు.

కారు కదిలింది. వెనక సీట్లోంచి పిల్ల చెయ్యి ఊపింది. "తాతా, టాటా!"

పెద్దల్లుడు పరుగెత్తాడు. ఎప్పుడూ పరుగెత్తని మనిషి గేటు దగ్గర కారుకి అడ్డంగా నిలబడి బానెట్ మీద రెండు చేతులూ ఆనించాడు.

"ఆగమ్మా! ఆగు! డిక్కీలో బరువుంది."

అందరూ పోగయ్యారు. చిన్నల్లుడు డిక్కీ ఎత్తి, చాప కొస పట్టుకుని పైకి లేపబోయి ఆగిపోయాడు. బూడిదరంగు చాప మూల మీద నల్లటి బొటనవేలి ముద్ర. ప్రైమరు ముద్ర. అది చూశాడు. తలెత్తి తోడల్లుడి వంక చూశాడు. అతనికి అర్థమైందని పెద్దల్లుడికి అర్థమైంది. ఇక్కడే అందరి ముందూ కడిగేస్తాడు అనుకుని తల వంచుకున్నాడు.

"ఏమైంది? ఎవరు చూసుకోలేదు?" అన్నాడు మేనేజరు.

"నేనే సార్" అన్నాడు చిన్నల్లుడు. చాపను మడిచి ముద్ర లోపలికి పోయేలా తిప్పాడు. "అన్నయ్య పైన సామాను తీశాడు. కింద గుంట చూడ్డం నా పని, నేనే మర్చిపోయాను. మళ్ళీ చేస్తాను. కాస్త ఆలస్యమవుతుంది, ఏమనుకోకండమ్మా."

"ఏమనుకుంటానండీ! వేరేవాళ్ళైతే కప్పిపెట్టి పంపేసేవాళ్ళు. తప్పు ఒప్పుకునేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారు?" అంది నర్సు.

"అందుకే మా చిన్నల్లుడంటే నాకిష్టం" అన్నాడు మేనేజరు, అతని భుజం తట్టి.

పెద్దల్లుడికి ఒళ్ళు మండింది. పరుగెత్తింది తను. కారు ఆపింది తను. మెచ్చుకోలు మాత్రం మళ్ళీ అతనికే. పైగా కోప్పడే హక్కు కూడా మిగల్చలేదు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు. కొట్టి ఉన్నా బాగుండేది. మంచితనంలో కూడా తన కంటే ఒక మెట్టు పైనే నిలబడ్డాడు.

ఇనుప చక్రాలు దించి పక్కన పెట్టి, పని మళ్ళీ మొదటి నుంచీ చేశారు. ఈసారి పడ్డ పచ్చటి టిక్కుని పెద్దల్లుడు చూడలేదు. కారు వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంకో కారు. నిన్న అద్దం బిగించి ఆరబెట్టింది. పెద్దల్లుడు డిక్కీ ఎత్తాడు. చాప తీసి గుంటలోకి తొంగిచూశాడు. చెయ్యి పెట్టి తడిమి మరీ చూశాడు. మూత వేసి, అరచేత్తో రెండుసార్లు చరిచాడు.

"ఖాళీ!"

చిన్నల్లుడు బోర్డు దగ్గర్నుంచి నడిచి వచ్చాడు. మెల్లగా డిక్కీ మూత ఎత్తాడు. చాప తీశాడు. చూశాడు. మళ్ళీ సర్ది, మూత వేశాడు. వేసేటప్పుడు తోడల్లుడి మొహం వైపు చూడలేదు.

"ఊరికే, అన్నయ్యా" అన్నాడు.

"చూడాలి కదా మరి. మంచిదే" అన్నాడు పెద్దల్లుడు.

నిజంగానే మంచిదే. అతని స్థానంలో తనున్నా చూస్తాడు. అతను రేపూ చూస్తాడు, ఎల్లుండీ చూస్తాడు. ప్రతి కారుకీ తను చరవడం, అతను వచ్చి మూత ఎత్తడం. అద్దాలు బిగించే చెయ్యి ఇంకా అలాగే ఉంది. ఆ చేతిపని కాకుండా ఈ షెడ్డులో తనకంటూ ఉన్నది 'ఖాళీ' అన్న ఆ ఒక్క మాటే. అది ఇక నడవదు.

చిన్నల్లుడు కారును రోడ్డు మీదికి తీసుకెళ్ళాక, పెద్దల్లుడు కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని మేనేజరు బల్ల ముందు నిలబడ్డాడు.

"రేపట్నుంచి రానండి. బస్సుల షెడ్డు మేస్త్రీ ఎప్పట్నుంచో రమ్మంటున్నాడు."

"అక్కడేముంది పెద్దల్లుడూ? అన్నీ డొక్కు బస్సులు!"

"అవేనండి. అద్దాలు తప్ప కళ్ళు లేని బళ్ళు. నాకవి చాలు."

"చిన్నల్లుడు ఏమైనా అన్నాడా?"

"అబ్బే, అతనేమంటాడు? చాలా మంచివాడు." ఆ మాట నిజం. నిజం కాబట్టే నోరు చేదెక్కింది. "నేను వెళ్ళానని తర్వాత చెప్పండి. ఇప్పుడైతే ఆపుతాడు."

వెనక తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. ఎవరో దాన్ని గాలికి తెరుచుకుంది అనుకుని మూసేశారు.

చిన్నల్లుడు తిరిగొచ్చి, కారు పక్కన పెట్టి, అలవాటుగా "అన్నయ్యా, పోదామా?" అన్నాడు. మేనేజరు చెప్పాడు. వినగానే చిన్నల్లుడు బయటికి నడిచాడు. గేటు దాకా వెళ్ళి వీధి రెండు వైపులా చూశాడు. తిరిగొచ్చి లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతుంటే, పనిబల్ల కింద కనిపించాయి. తోడల్లుడు పొద్దున ఇంటి నుంచి తొడుక్కొచ్చిన చెప్పులు. షెడ్డు బూట్లతోనే నడిచి వెళ్ళిపోయినట్టున్నాడు. మడమల దగ్గర ఒక పక్కకే అరిగిపోయిన జత, గుమ్మం వైపు మొహం పెట్టి ఉంది. కుడి చెప్పుకి ఎప్పుడో తెగిన బొటనవేలి పట్టీని కారు అద్దాల జిగురుతోనే అతికించుకున్నాడు. చెప్పంతా అరిగి పల్చబడినా, ఆ నల్లటి అతుకు మాత్రం ఇంకా పట్టు వదల్లేదు.