స్వరూప పొలం

నేను ఒక మెమరీ కార్డును. వీడియో గేమ్ పెట్టె నోట్లో నన్ను దూరుస్తారు. మీరు ఆడి గెలిచిందంతా గుర్తుపెట్టుకునేది ఆ పెట్టె కాదు బాబూ, నేను. నన్ను పీకేసి ఆడి చూడండి, కరెంటు పోయిందంటే మొత్తం గంగపాలే. అయినా మెత్తటి గుడ్డతో తుడిచేది పెట్టెనే. నాకు దుమ్మే గతి.

ఏదో దూరదేశంలో యంత్రాల మధ్య పుట్టి, కరీంనగర్ షాపులో కొన్నాళ్లు అద్దాల వెనక కూర్చుని, చివరికి గోదావరిఖనిలో సదానందం అనే బొగ్గుబాయి కార్మికుడి క్వార్టరుకు చేరాను. నాలో పదిహేను గదులున్నాయి. ఒక్కటి తప్ప అన్నింటిలో అతని క్రికెట్టే. ఓడితే సేవ్ చెయ్యడు. మళ్లీ మొదట్నుంచి ఆడి, గెలిచాకే నాలో దాచుకుంటాడు. నన్ను చూస్తే ఆయనంతటి మొనగాడు భూమ్మీద లేడు!

మిగిలిన ఆ ఒక్క గది అతని భార్య స్వరూపది. అతను మొదటి షిఫ్టుకు వెళ్లాక ఆమె తలుపు గొళ్లెం పెట్టి టీవీ వేసేది. ఆమె ఆడేది పొలం ఆట. రాళ్లు ఏరి, దున్ని, నీళ్లు పెట్టి, ఆవుల్ని మేపాలి. పొలానికి ఏం పేరు పెడతావని ఆట అడిగితే ఎంతోసేపు ఆలోచించి, తన పేరే ఒక్కో ఇంగ్లిషు అక్షరం వెతికి కొట్టింది. కాలనీలో అందరికీ ఆమె సదానందం పెండ్లామే. మొదటి పంట చేతికొచ్చిన రోజు ఒక్కతే చప్పట్లు కొట్టుకుంది. నాకూ సంతోషమేసింది, అబద్ధమెందుకు?

ఒక ఆదివారం సదానందం దోస్తులతో ఆడి కప్పు గెలిచాడు. దాచుకుందామంటే నాలో చోటు లేదు. ఏది తీసేద్దామా అని గదులు వెతుకుతుంటే ఆమె పేరు కనబడింది.

"ఏమే, గిండ్ల నీ పేరుంది. నువ్వు గూడ ఆడ్తున్నవా ఏంది?"

"అందుకేనారా, కూరల ఉప్పు లేంది!" అన్నాడు దోస్తు కనకయ్య. అందరూ పగలబడి నవ్వారు.

స్వరూప చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నాదే, ముట్టకు అంటుందని నేను ఎంత ఎదురుచూశానో!

"నాకెందుకు గా ఆటలు? ఏందో పాడు. తీసెయ్యి" అంది.

తీసేశాడు. పొలం, ఆవులు, కోతకొచ్చిన పంట, అన్నీ నా ఒంట్లోంచి పోయాయి. వద్దనే హక్కు నాకు లేదు. మీటలు నొక్కేవాడిదే రాజ్యం.

కొన్నాళ్లకు అతను రెండు పాత కప్పుల్ని తనే చెరిపేశాడు. గది ఖాళీ కాగానే ఆమె మళ్లీ మొదలుపెట్టింది. ఆట మళ్లీ పేరు అడిగింది. ఈసారి ఆమె ఆలోచించలేదు, మొగుడి పేరు కొట్టింది. ఆ పేరుంటే ఎవరూ చెరపరని తెలిసిపోయింది పాపం. వర్షాలు మొదలయ్యేసరికి ఈ పొలం మొదటిదానికంటే పచ్చగా తయారైంది.

మొన్న కనకయ్య నాలో చోటు కోసం వెతుకుతూ దాన్ని తెరిచాడు. "అబ్బో! ఎవలిదిరా ఈ పొలం? గింత మంచిగున్నది!"

సదానందం వంగి చూశాడు. తన పేరు కనబడింది. ఆ ఆటలో ఏ మీట నొక్కితే విత్తనం పడుతుందో కూడా తెలియని మనిషి ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత మీసం దువ్వుకున్నాడు.

"నాదే. షిఫ్టు లేనప్పుడు జెర్ర ఆడ్త. దాన్ని ముట్టకు" అన్నాడు.

కనకయ్య భుజం తట్టి మెచ్చుకున్నాడు. వంటింట్లోంచి స్వరూప అంతా విన్నది. బయటికొచ్చి, భర్త గ్లాసులో ఇంకొంచెం చాయ్ పోసి వెళ్లిపోయింది.